నరం తెగిందా, రక్తనాళం తెగిందా?
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. ఉర్దూ మీడియం బడిలో సైన్సు చెప్పే మాస్టరును. ప్రతి సంవత్సరం నన్ను చదువుల గురించి మాట్లాడమంటారు, ఈసారి కార్యదర్శిగారు ఆరోగ్యం గురించి మాట్లాడమన్నారు. షుగరు, బి.పి. గురించి లోగడ డాక్టర్లే వచ్చి చెప్పియున్నారు. నేను వేరే విషయం ఎన్నుకున్నాను. దెబ్బ తగిలి రక్తనాళం తెగినప్పుడు ఏమవుతుంది, సర్జన్లు దాన్ని ఎట్లా అతుకుతారు, ఆ అతుకు నిలవాలంటే ముందుగా మనం చేయవలసిన పని ఏమిటి అన్నది నా విషయం. ఈ హాలులో మెకానిక్కులున్నారు, లారీ డ్రైవర్లున్నారు, అద్దాల పనివారున్నారు, మాంసం దుకాణాలవారున్నారు. ఎవరి ఇంట్లోనైనా రేపే అవసరపడవచ్చును. అల్లాహ్ అటువంటి అవసరం రానీయకుండుగాక.

ముందు మాట ఒకటి సరిచేసుకోవాలి. చేయి కోసుకుపోతే తెలుగులో "నరం తెగింది" అంటాం. ఉర్దూలో "నస్ కట్ గయీ" అంటాం, లేదా "రగ్" అంటాం. ఈ ఒక్క మాటలో మూడు వేరు వేరు వస్తువులు ఇరుక్కుని ఉన్నవి. రక్తం మోసే గొట్టం ఒకటి. మెదడు నుంచి కబురు మోసే తంతువు రెండవది, అసలు నరమంటే అదే. కండను ఎముకకు పట్టి ఉంచే తెల్లటి తాడువంటిది మూడవది. నరం తెగితే స్పర్శ పోతుంది. తాడు తెగితే వేలు ముడవదు. ఈ రెండింటినీ కొన్ని రోజులు ఆగి కుట్టినా ఫలితం దక్కే అవకాశం ఉన్నది. రక్తనాళం మాత్రం రోజుల లెక్క కాదు, గంటల లెక్క. కనుక ఆసుపత్రిలో "నరం తెగిందండీ" అని ఊరుకోకండి. రక్తం ఎగజిమ్మిందా, ఊరికే కారిందా, దెబ్బ ఎన్ని గంటలకు తగిలింది, అది చెప్పండి. డాక్టరుకు కావలసింది అదే.

రక్తనాళాల్లోనూ రెండు రకాలు గలవు. గుండె నుంచి బయటకు పోయేది ధమని, అరబ్బీలో షిర్యాన్. తిరిగి గుండెకు వచ్చేది సిర, అంటే వరీద్. ధమని తెగితే ఎర్రటి రక్తం గుండె కొట్టుకున్నప్పుడల్లా ఉరికి ఉరికి చిమ్ముతుంది. సిర తెగితే కాస్త ముదురు రంగు రక్తం ఆగకుండా కారుతుంది. పెద్ద మనిషి ఒంట్లో ఉండేదే సుమారు 5 లీటర్లు. తొడలోని పెద్ద ధమని పూర్తిగా తెరుచుకుంటే నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది. ఇక్కడ ఒక వింత ఉన్నది. ధమని అడ్డంగా పూర్తిగా తెగితే రెండు కొసలూ లోపలికి ముడుచుకుపోయి, రంధ్రం సన్నబడి, ఒక్కోసారి రక్తం దానంతట అదే తగ్గుతుంది. సగం తెగినది ముడుచుకోలేదు, అందుచేత అదే ఎక్కువగా కారుతుంది.

ఈ సంగతి వెయ్యి సంవత్సరాల క్రితమే రాసిపెట్టినవాడు అబుల్ ఖాసిం జహ్రావీ. స్పెయిన్ దేశంలో కుర్తుబా, ఇప్పటి కార్డోవా, దాని పక్కన ఉన్న జహ్రా నగరంవాడు. 1013 ప్రాంతంలో చనిపోయినాడు. ఆయన "తస్రీఫ్" అనే గ్రంథం 30 భాగాలు, చివరి భాగం శస్త్రచికిత్స గురించి. ధమని నుంచి రక్తం కారుతుంటే నాలుగు దారులు చెప్పాడు: కాల్చడం, సగం తెగినదాన్ని పూర్తిగా తెంచివేయడం, దారంతో గట్టిగా ముడివేయడం, రక్తం ఆపే మందు పెట్టి అదిమి కట్టడం. 12వ శతాబ్దంలో ఆ పుస్తకం తులైతులాలో, అంటే టోలెడోలో, లాటిన్‌లోకి పోయింది. యూరప్‌లో కొన్ని వందల సంవత్సరాలు దాన్ని చదువుకున్నారు. మన పిల్లలకు ఈ పేరు తెలియాలని చెబుతున్నాను గాని, అన్నీ మనవాళ్ళే కనిపెట్టారని చెప్పడానికి కాదు. అలా చెప్పుకునే ఉపన్యాసాలు నేను చాలా విన్నాను, వాటివల్ల ఎవరి కాలూ నిలబడలేదు.

1552లో ఫ్రాన్సు రాజు సైన్యంలో పనిచేసిన ఆంబ్రోజ్ పారే అనే సర్జను, కాలు తీసివేసేటప్పుడు ఎర్రగా కాల్చిన ఇనుము పెట్టడం మానుకుని నాళాలను దారంతో ముడివేసినాడు. ప్రాణం దక్కించడంలో అది గొప్ప మెట్టు. అయితే ముడివేస్తే ఏమవుతుంది? రక్తం బయటకు పోదు, నిజమే. కింద ఉన్న కాలికి కూడా పోదు. పొలానికి పోయే కాలువకు గండి పడిందని కాలువనే పూడ్చివేస్తే ఎట్లా ఉంటుందో అట్లా. పక్క పిల్లకాలువల ద్వారా కొంత నీరు అందితే పైరు బతుకుతుంది, లేకపోతే ఎండిపోతుంది.

గండి పూడ్చి కాలువను నిలబెట్టడం అనే పని మొదట 1759లో ఇంగ్లండులోని న్యూకాసిల్ పట్టణంలో హాలోవెల్ అనే సర్జను చేసినాడు. మోచేతి దగ్గర ధమనికి పడిన చిన్న కోతలో ఒక సూది గుచ్చి, దాని చుట్టూ దారం చుట్టి పెదవులు కలిపినాడు. చేయి దక్కింది. అయినా ఆ తరువాత నూరేళ్ళకు పైగా ఈ పద్ధతిని పట్టించుకున్నవారు తక్కువ. 1896లో షికాగోలో జాన్ మర్ఫీ తుపాకి గుండు తగిలిన తొడ ధమనిలో చెడిన ముక్క తీసివేసి, ఒక కొసను రెండో కొసలోకి దూర్చి కుట్టినాడు.

ఇక నాకు బాగా నచ్చిన కథ అలెక్సీ కారెల్‌ది. 1894లో ఫ్రాన్సు అధ్యక్షుడు సాదీ కార్నోను లియాన్ నగరంలో ఒకడు కత్తితో పొడిచాడు. కడుపులోని పెద్ద సిర తెగింది. దేశాధ్యక్షుడు, చుట్టూ పేరుమోసిన సర్జన్లు, అయినా తెగిన నాళం కుట్టడం ఎవరికీ చేతకాక ఆయన చనిపోయినాడు. కారెల్ అప్పుడు అదే ఊళ్ళో వైద్యవిద్యార్థి. నాళాన్ని కుట్టడం ఎందుకు వీలుకాదు అని పట్టుబట్టి, లియాన్‌లో ఎంబ్రాయిడరీ చేసే ఒక స్త్రీ దగ్గరకు పోయి సన్నని సూది, సన్నని పట్టుదారం పట్టడం నేర్చుకున్నాడు. 1902లో తన పద్ధతి ప్రకటించాడు, 1912లో నోబెల్ బహుమతి వచ్చింది. (తరువాతి కాలంలో మనుషుల జాతుల గురించి, బలహీనుల గురించి ఆయన రాసినవి నాకు ఎంతమాత్రం నచ్చవు. ఆ సంగతి వేరు, ఈ కుట్టు వేరు.)

ఈ కుట్టు ఏమిటయ్యా అంటే, కార్చోబ్ పని తెలిసిన మన అక్కచెల్లెళ్ళకు నాకంటే బాగా అర్థమవుతుంది. రక్తనాళం మెత్తటి రబ్బరు గొట్టంవంటిది. గుండ్రటి అంచుకు గుండ్రటి అంచు కుట్టబోతే జారిపోతుంది, లేదా సూది వెనుక గోడను కూడా పట్టుకుని దారి మూసుకుపోతుంది. కారెల్ మూడు చోట్ల, సమానమైన ఎడంలో, ఒక్కొక్క కుట్టు వేసి ఆ మూడు దారాలనూ మూడు వైపులకు లాగించాడు. గుండ్రటి నోరు త్రికోణమయింది. అడ్డపై బిగించిన గుడ్డలాగా అంచు నిటారుగా నిలిచింది. ఇక ఒక్కొక్క అంచూ తిన్నగా కుట్టుకుంటూ పోవడమే. ఇంత చిన్న ఉపాయం.

ఇంత తెలిసినా రెండవ ప్రపంచ యుద్ధం దాకా సిపాయిల నాళాలను ఎక్కువగా ముడివేస్తూనే వచ్చారు. అమెరికా సైన్యపు లెక్కలను డిబేకీ, సిమియోన్ అనే ఇద్దరు సర్జన్లు 1946లో ప్రకటించారు. 2,471 ధమని గాయాలలో కుట్టి సరిచేసినవి 81 మాత్రమే. ముడివేసినవాటిలో సుమారు సగానికి సగం అవయవం తీసివేయవలసి వచ్చింది. కారణం సర్జన్ల అజ్ఞానం అనలేము. గాయపడినవాడు బల్ల మీదికి వచ్చేసరికే సగటున 10 గంటలు దాటిపోయేది. తరువాత కొరియా యుద్ధంలో, 1950-53 మధ్య, గాయపడినవారిని హెలికాప్టర్లలో త్వరగా తెచ్చారు, నాళాలను ముడివేయడం మాని కుట్టారు. అవయవం పోయినవారు నూటికి 13 మందికి దిగివచ్చారు. సూది అదే, దారం అదే. తగ్గినది సమయం.

ఈ డిబేకీయే, లెబనాన్ నుంచి వలసపోయిన దంపతుల కొడుకు, 1950లలో డేక్రాన్ గుడ్డ కొని భార్య కుట్టు మిషను మీద కృత్రిమ రక్తనాళాలు కుట్టినాడు. 1960లలో ఫోగార్టీ అనేవాడు సర్జను తొడుగు చిటికెనవేలు ముక్కతో బుడగ చేసి సన్నని గొట్టం కొసకు కట్టినాడు. దాన్ని నాళంలోకి పోనిచ్చి, బుడగ ఉబ్బించి వెనక్కి లాగితే లోపల గడ్డకట్టిన రక్తం అంతా ఊడి బయటపడుతుంది. ఇవాళ్టికీ ప్రతి పెద్ద ఆసుపత్రిలోనూ అదే వాడుతున్నారు.

ఇప్పుడు ఆపరేషను ఎట్లా చేస్తారో క్లుప్తంగా చెబుతాను. గాయం దగ్గరకు సూటిగా పోరు. ముందు గాయానికి పైన, తరువాత కింద మంచి నాళాన్ని వెతికి పట్టుకుని బిగిస్తారు. మునిసిపాలిటీవారు గొట్టం బాగుచేసే ముందు వాల్వు కట్టినట్టు. నలిగిన అంచులను మంచి భాగం వచ్చేదాకా కత్తిరిస్తారు. బుడగ గొట్టంతో గడ్డలు తీస్తారు. రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ కలిపిన మందు నీళ్ళు ఎక్కిస్తారు. రెండు కొసలూ లాగుడు లేకుండా కలిస్తే నేరుగా కుట్టేస్తారు. కలవకపోతే దెబ్బ తగలని రెండో కాలి నుంచి, చీలమండ లోపలి వైపు నుంచి తొడదాకా పైపైనే పోయే సిర ముక్క తీసి మధ్యలో అతుకుతారు. ఆ సిరను తలకిందులు చేసి పెట్టాలి, ఎందుకంటే సిరలో తలుపులవంటి కవాటాలుంటవి, అవి ఒక వైపుకే తెరుచుకుంటవి. దానిని తీసినందువల్ల ఆ కాలికి సాధారణంగా నష్టం లేదు, లోపలి సిరలు ఆ పని చూసుకుంటవి. ఎముక కూడా విరిగి ఉంటే, ఆ పని అయ్యేదాకా కాలు ఎండకుండా, రెండు కొసల మధ్య తాత్కాలికంగా ఒక ప్లాస్టిక్ గొట్టం పెట్టడం కూడా ఉన్నది. ఛాతీలోను, మెడ మొదట్లోను కోసి చేరుకోవడం కష్టమైన చోట్ల ఈ రోజుల్లో తొడ ధమనిలోంచి తీగ పంపి లోపలి నుంచే గొట్టం తొడుగుతున్నారు.

ఇంకొకటి చూచి ఇంటివాళ్ళు భయపడతారు, కనుక చెప్పాలి. రక్తం తిరిగి రాగానే కండలు ఉబ్బుతవి. కండల చుట్టూ ఉన్న పొర సాగదు. లోపలి ఒత్తిడికి మళ్ళీ రక్తం ఆగిపోతుంది. అందుకని పిక్క రెండు వైపులా పొడుగ్గా కోసి, కుట్టకుండా వదిలేస్తారు. చూడటానికి భయంకరంగా ఉంటుంది. "ఆపరేషను చెడిపోయింది, కాలు చీల్చి వదిలేశారు" అని పోట్లాటకు పోయినవారిని నేను చూశాను. ఆ కోతే కాలిని కాపాడుతుంది. వాపు తగ్గినాక దాన్ని కుడతారు, లేదా చర్మం అతుకుతారు.

నాకు ఈ విషయం మీద ధ్యాస ఎందుకు పడిందో చెబుతాను. మా బడిలో చదివిన కుర్రవాడొకడు స్కూటరు మీద నుంచి పడ్డాడు. మోకాలు కీలు తప్పి, దానంతట అదే మళ్ళీ సర్దుకుంది. దగ్గరలో ఉన్న ఒక చిన్న ఆసుపత్రికి తీసుకుపోయారు. ఎక్సరే తీస్తే ఎముక విరగలేదు. చుక్క రక్తం బయటకు రాలేదు. కట్టు కట్టి, వాపు తగ్గాక రమ్మన్నారు. రాత్రి వాళ్ళమ్మ పాదం పట్టుకుని చూసి, "ఈ కాలు ఐసులాగా ఉంది, ఆ కాలు వెచ్చగా ఉంది" అని రెండుసార్లు ఫోను చేసింది. వాపు వల్ల అట్లాగే ఉంటుందమ్మా అన్నారు. తెల్లవారి నేను పోయేసరికి వేళ్ళు కదలడం లేదు, గిల్లితే తెలియడం లేదు. పెద్దాసుపత్రికి తీసుకుపోయేటప్పటికి 14 గంటలు దాటింది. అక్కడి సర్జను చాలా ఓర్పుగల మనిషి, ప్రిస్క్రిప్షను చీటీ వెనుక బొమ్మ వేసి నాకు చూపించారు. మోకాలి వెనుక ధమని పైనా కిందా గుంజకు కట్టినట్టు బిగిసి ఉంటుంది. కీలు తప్పినప్పుడు అది సాగి లోపలి పొర చిట్లుతుంది, పైకి గొట్టం బాగానే కనబడుతుంది, లోపల రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. 6 గంటలలోగా తెరిస్తే ఆశ ఎక్కువ. అది దాటినకొద్దీ కండలు చచ్చిపోతవి. చచ్చిన కండలోకి రక్తం వదిలితే అందులోని విషం గుండెకూ మూత్రపిండాలకూ ఎక్కుతుంది. మోకాలి పైకి కాలు తీసివేశారు. వాడికి అప్పటికి 19 సంవత్సరాలు. డిగ్రీ పూర్తి చేశాడు, జైపూర్ కాలు పెట్టుకుని ఇప్పుడు సెల్‌ఫోన్ల షాపులో పని చేస్తున్నాడు. వాళ్ళమ్మ మాత్రం ఇప్పటికీ ఎవరి కాలు చూసినా చేయి వేసి చూస్తుంది.

ఆమెకు చదువు లేదు, కాని ఆమె చేసిన పరీక్ష సరైన పరీక్ష. అందరూ నేర్చుకోదగినది. దెబ్బ తగిలిన కాలినీ మంచి కాలినీ పక్కపక్కన పెట్టి చూడండి. చల్లగా ఉందా? పాలిపోయిందా? వేళ్ళు కదులుతున్నాయా? తాకితే తెలుస్తున్నదా? నొప్పి దెబ్బకు మించి ఉన్నదా? తరువాత నబ్జ్ చూడండి. పాదం పైన, బొటనవేలికీ రెండో వేలికీ మధ్య నుంచి కొంచెం వెనక్కి వస్తే ఒక నాడి కొట్టుకుంటుంది. లోపలి చీలమండ వెనుక ఇంకొకటి. కొంతమందికి పుట్టుకతోనే పాదం మీది నాడి అందదు, అందుకే రెండో కాలితో పోల్చాలి. తేడా ఉంటే "ఎముక విరగలేదు" అన్న మాటతో తృప్తిపడవద్దు. "రక్తం పోతున్నదో లేదో డాప్లర్ పెట్టి చూడండి, అవసరమైతే యాంజియోగ్రాం తీయండి" అని నోరు తెరిచి అడగండి. ఎముకల కట్టు కట్టేవారి దగ్గరకు పోతే మాత్రం, వారి మీద నాకు వ్యక్తిగతంగా కోపం ఏమీ లేదు, వెదురుబద్దల కింద పాదం ఏ రంగులో ఉందో వారికీ కనబడదు, మనకూ కనబడదు.

రక్తం కారే గాయం సంగతి. శుభ్రమైన గుడ్డ మడత పెట్టి, సరిగ్గా కారుతున్న చోట, బలమంతా పెట్టి అదిమి పట్టాలి. 10 నిమిషాలపాటు ఎత్తి చూడకూడదు. మన అలవాటేమిటంటే అర నిమిషానికొకసారి "ఆగిందా?" అని ఎత్తి చూడటం. అప్పుడే కట్టిన గడ్డ ఊడిపోతుంది. కాఫీ పొడి, పసుపు, జర్దా, సున్నం ఏదీ పెట్టవద్దు. దిగబడిన కత్తి, అద్దం పెంకు, ఇనుప చువ్వ పీకవద్దు. అది దిగిన చోటనే మూతలాగా పనిచేస్తూ ఉండవచ్చును. సర్జను బల్ల మీద తీస్తాడు. ఏదైనా తాగించవద్దు, మత్తుమందు ఇవ్వడానికి ఇబ్బంది అవుతుంది.

ఎంత అదిమినా చేతి గాయం, కాలి గాయం చిమ్ముతూనే ఉంటే అప్పుడు మాత్రమే పైన కట్టు బిగించాలి. గాయానికి నాలుగు వేళ్ళ వెడల్పు పైన, కీలు మీద కాకుండా. రెండు మూడు అంగుళాల వెడల్పు గుడ్డ ఉండాలి. దుపట్టా మడిస్తే సరిపోతుంది, ముడిలో కర్ర పెట్టి రక్తం ఆగేదాకా మెలితిప్పాలి. ఇనుప తీగ, నైలాన్ తాడు, చెప్పుల లేసు వద్దు, అవి కోసుకుపోయి నరాన్నే చంపేస్తవి. వదులుగా కట్టినది ఇంకా చెడ్డది, సిరలను మాత్రమే మూసి ధమనిని వదిలేస్తుంది, రక్తం ఎక్కువవుతుంది. కట్టిన టైము నుదుటి మీద పెన్నుతో రాసినా తప్పులేదు. దారిలో విప్పి విప్పి కట్టవద్దు. ఆసుపత్రిలో డాక్టరే విప్పాలి.

మాంసం పని చేసే సోదరులకు ప్రత్యేకంగా ఒక మాట. ఎముక నుంచి మాంసం వేరు చేసేటప్పుడు కత్తిని తనవైపుకు లాగితే, జారిన కత్తి గజ్జల్లోకో తొడలోకో దిగుతుంది. అక్కడే పెద్ద ధమని ఉన్నది. ఇది సర్జన్ల పుస్తకాలకెక్కిన గాయం. బక్రీదు నాడు అలవాటు లేనివారు కూడా కత్తి పడతారు, పక్కన పిల్లలు మూగుతారు. మందపాటి తోలు ఆప్రాన్ ధర ఒక గొర్రెపోతు కాలి ధరంత ఉండదు. మన సభ్యులలో ఒకరి దుకాణంలో ఇట్లాగే జరిగినప్పుడు, తోటి పనివాడు లుంగీ మడిచి రెండు పిడికిళ్ళతో గజ్జల్లో అదిమి, ఆటోలో ఆసుపత్రిదాకా మోకాళ్ళ మీద అట్లాగే వంగి కూర్చున్నాడు. చేతులు తిమ్మిరెక్కినా వదలలేదు. రెండో కాలి సిర ముక్క వేసి అతికారు. ఆ మనిషి ఇప్పుడు మూడో వరసలో కూర్చుని నవ్వుతున్నాడు.

పతంగుల దారం గురించి ఇంతకుముందే చాలామంది చెప్పారు. నైలాన్ మాంజాను 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా నిషేధించింది. అయినా సంక్రాంతికి దొరుకుతూనే ఉన్నది, మెడలు తెగుతూనే ఉన్నవి. మన పిల్లల చేతుల్లోది ఎవరు కొనిచ్చారో ఇంట్లోనే అడగాలి.

చిన్న గాయమయి, రక్తం ఆగి, కుట్లు కూడా మానినాక రెండు మూడు వారాలకు అక్కడ గడ్డ లేచిందనుకోండి. దాని మీద చేయి పెడితే గుండె కొట్టుకున్నట్టు కొట్టుకుంటున్నదనుకోండి. అది చీము గడ్డ అనుకుని ఎవరిచేతనూ కోయించకండి. చిల్లుపడిన ధమని కట్టుకున్న రక్తపు సంచి అది. కోస్తే ప్రాణాపాయం.

పోలీసు కేసవుతుందనే భయం ఇంకా మనల్ని వదలలేదు. రోడ్డు మీద పడినవాణ్ణి చూసి పది మంది నిలబడతారు గాని ఎత్తరు. ప్రాణాపాయంలో ఉన్నవాణ్ణి పోలీసు కాగితాల కోసం ఆపకుండా వైద్యం చేయవలసిందేనని సుప్రీంకోర్టు 1989లోనే తీర్పు చెప్పింది. సహాయం చేసినవారిని వేధించకుండా 2016లో మార్గదర్శకాలు వచ్చినవి, 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలో సెక్షన్ 134-ఏ చేర్చారు. మీ పేరు చెప్పమని మిమ్మల్ని బలవంతపెట్టరాదు. 2025 మే నెలలో వచ్చిన కేంద్ర పథకం ప్రకారం రోడ్డు ప్రమాద బాధితులకు నిర్ణయించిన ఆసుపత్రుల్లో 7 రోజులదాకా, లక్షా 50 వేల రూపాయలదాకా డబ్బు కట్టకుండా వైద్యం పొందే వీలున్నది. కత్తి గాయానికీ అద్దం గాయానికీ ఇది వర్తించదు. అందుకే ఆరోగ్యశ్రీ కార్డు ఇంట్లో ఏ పెట్టెలో ఉన్నదో ఆడవాళ్ళకు కూడా తెలిసి ఉండాలి. 108కు ఫోను చేసినప్పుడు "రక్తనాళం తెగింది, రక్తనాళాల సర్జను ఉన్న ఆసుపత్రికి తీసుకుపోండి" అని చెప్పండి. దగ్గరలో ఉన్న మూడు చిన్న ఆసుపత్రులు తిరిగితేనే 6 గంటలు అయిపోతవి.

చివరి సంగతి రక్తం. ఇటువంటి ఆపరేషనుకు ఒక్కోసారి చాలా యూనిట్లు కావలసివస్తుంది. అర్ధరాత్రి ఒకరి తరువాత ఒకరికి ఫోన్లు చేసుకుంటూ కూర్చోవలసి వస్తున్నది. 18 నిండి, 45 కిలోలకు తగ్గని ఆరోగ్యవంతులు ఇవ్వవచ్చును. మగవారు మూడు నెలలకొకసారి, ఆడవారు నాలుగు నెలలకొకసారి. కార్యదర్శిగారి అనుమతితో గుమ్మం దగ్గర బల్ల మీద ఒక రిజిస్టరు పెట్టించాను. పేరు, బ్లడ్ గ్రూపు, రాత్రి పూట ఎత్తే ఫోను నంబరు, మూడే గడులు. గ్రూపు తెలియనివారికి పక్క గదిలో ల్యాబ్ టెక్నీషియన్ కూర్చుని ఉన్నాడు, వేలు గుచ్చి అయిదు నిమిషాల్లో చెబుతాడు. భోజనాలు వడ్డించడానికి ఇంకా అరగంట పడుతుందట. ఈలోగా ముందు వరసవారు లేచి మొదలుపెడితే, వెనుకవారికి దారి దొరుకుతుంది.